ఎందుకేడిపించావే అంది మామ్మ

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, వేసవి శిబిరానికి వచ్చిన పిల్లలు, ఉపాధ్యాయుల ముందు ఈ మధ్యే ఇంటర్ పూర్తిచేసిన ఒక విద్యార్థిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పైన తిరుగుతున్న ఆ ఫ్యాను చప్పుడు మీకెవరికైనా వినిపిస్తోందా? లేదు కదా. నాకు వినిపిస్తోంది. నాలుగేళ్లుగా ఇదే బాధ. పెళ్లికెళ్లినా, పరీక్ష హాల్లో కూర్చున్నా, ఎక్కడో ఒక ఫ్యాను కిర్రుమంటూనే ఉంటుంది. బళ్లో వీడియోలూ పాడ్‌కాస్టులూ చేసినందుకు నాకు పట్టుకున్న జబ్బు ఇది. (నవ్వులు)

లైబ్రేరియన్ మేడం గారు ఫోన్ చేసి, "మీ ప్రాజెక్టుల గురించి నాలుగు మాటలు చెప్పమ్మా, చిన్నపిల్లలకి హుషారుగా ఉంటుంది" అన్నారు. బాగా వచ్చినవి చెప్తే మీకు నిద్రొస్తుంది. అందుకని చెడగొట్టినవి చెప్తాను. లెక్కకి అవే ఎక్కువ కూడా.

మాది గోదారి పాయల మధ్య ఉండే లంక ఊరు. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకే ఎగరేస్తారు. ఆ ఏడు 25 లక్షలు దాటింది. బడి తెరిచిన కొత్తల్లోనే మళ్లీ మూసేశారు. నీళ్లు తీశాక వెళ్తే తరగతి గదిలో మోకాలెత్తున గోడకి బురద గీత ఉంది. మా సోషల్ మాస్టారు ఆ గీత చూపించి, "ఇదే పెద్ద వరదనుకుంటున్నారా? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్లింది. చూసినవాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. చార్టు మీద బొమ్మలు అతికించుకురావద్దు. వాళ్ల చేత మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేసుకురండి, పది నిమిషాలు" అన్నారు.

అప్పుడు దాన్ని పాడ్‌కాస్ట్ అంటారని మాకు తెలీదు. తర్వాత తెలిసింది, ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు కలిపి 2004లో ఎవరో పుట్టించిన మాటట అది. తమాషా ఏంటంటే మేం మొదలుపెట్టిన 2022లోనే ఐపాడ్ తయారీ ఆపేశారు. వస్తువు పోయింది, పేరు మాత్రం మిగిలింది. మా ఊళ్లో రేవు పూడిపోయి ఎన్నేళ్లయినా దాన్ని పడవల రేవు అనే అంటాం, అలాగన్నమాట.

మొదటి రికార్డింగు తరగతి గదిలోనే చేశాం. మొదలు ఎలా పెట్టానో తెలుసా? "శ్రోతలకు నమస్కారం. గోదావరి నదీ పరివాహక ప్రాంతంలో సంభవించిన వరదల కారణంగా జనజీవనం అతలాకుతలమైంది..." ఒక్క ముక్క నాది కాదు. టీవీలో వార్తలు చదివే ఆవిడ నా నోట్లో దూరి మాట్లాడినట్టుంది. మాస్టారు విని, "ఎవరిదమ్మా ఈ గొంతు?" అన్నారు. నాదేనండి అన్నాను. "మీ ఇంట్లోకి నీళ్లొస్తే మీ అమ్మకి ఏమని చెప్తావు? వరద సంభవించిందమ్మా అంటావా?" అన్నారు. తరగతి మొత్తం నవ్వారు.

అప్పుడు సిగ్గేసింది గానీ, అలా ఎందుకు చదివానో నాకు తెలుసు. మా యాస సినిమాల్లో ఎవరి నోట వినిపిస్తుంది? ఎక్కువగా హాస్యగాళ్ల నోటే. "ఆయ్" అనగానే హాల్లో నవ్వుతారు. సీరియస్ విషయం మన మాటలో చెప్తే ఎవరూ నమ్మరని మాకు ఎలాగో లోపలికి ఎక్కేసింది. మైకు కనపడగానే గొంతు విజయవాడ బస్సెక్కేస్తుంది.

ఆ "ఆయ్" తోనే ఇంకో చిక్కొచ్చింది. మన వైపు పెద్దవాళ్లు ఏదన్నా చెప్తుంటే మనం ఆయ్, ఆయ్ అంటూనే ఉంటాం కదా. ఔనండి అన్నా అదే, వింటున్నాను అన్నా అదే, తర్వాతేమైంది అన్నా అదే. రికార్డింగు విని చూస్తే ప్రతి వాక్యం తోక మీదా నా "ఆయ్" కూర్చుని ఉంది. కొయ్యబోతే వాళ్ల మాట కూడా తెగుతోంది. సరే, ఈసారి నోరు మూసుకుని తలూపుతాను అనుకున్నాను. ఇంటర్వ్యూ ఎలా చేయాలో చెప్పే వీడియోల్లో కూడా అదే చెప్తారు. తీరా మామ్మ ముందు అలా కూర్చుంటే రెండు నిమిషాలకే ఆపేసి, "ఏమే, వింటున్నావా, నిద్రపోతున్నావా?" అంది. ఊ కొట్టేవాళ్లు లేకపోతే మన పెద్దవాళ్లకి కథ నడవదు. ఆ వీడియో చేసినాయన మన గోదారి జిల్లాల వాడు కాడని అప్పుడర్థమైంది. చివరికి మేం చేసిందేంటంటే, ఫోన్ మామ్మ నోటికి జానెడు దూరంలో పెట్టి, నేను రెండు బారలు వెనక్కి జరిగి కూర్చున్నాను. కాస్త దూరమైతే చాలు, మైకులో గొంతు బాగా తగ్గిపోతుంది. నా "ఆయ్" ఉంది, కానీ గోడవతల నుంచి అన్నట్టుంది. ఇప్పటికీ అదే పద్ధతి.

గది సంగతి కూడా చెప్పాలి. స్లాబు గదిలో, వట్టి గోడల మధ్య మాట్లాడితే మాట ఒకసారి మైకులో పడుతుంది, గోడకి కొట్టుకుని తిరిగొచ్చి మళ్లీ పడుతుంది. నూతిలో మాట్లాడినట్టు వినిపించేది అందుకే. మెత్తటివి ఏమున్నా ఆ చప్పుడుని తాగేస్తాయి. పట్నం వాళ్లయితే ఫోము అతికించిన గదులు కడతారు. మా జట్టులో ఒకమ్మాయి వాళ్లింట్లో దాళ్వా ధాన్యం బస్తాలు నెట్టుగట్టిన కొట్టు ఉంది. ఆ బస్తాల మధ్య దూరి రికార్డు చేశాం. అబ్బ, ఏం వచ్చిందండీ గొంతు! పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు. కాకపోతే అక్కడ ఫ్యాను లేదు, ఉన్నా వేయకూడదు. పైగా ధాన్యం నూగు. పది నిమిషాల రికార్డింగుకి గంటసేపు వీపు గోక్కున్నాం. గట్టు మీద మాట్లాడేటప్పుడు గాలికి మైకు భుస్సుభుస్సుమంటుంటే కొబ్బరి పీచు చుట్టి చూశాం. కోనసీమ పిల్లలం కదా, అన్నిటికీ కొబ్బరే తోస్తుంది. గరగరమని ఇంకా పాడైంది. గిన్నెలు తోమే స్పాంజిని చీల్చి పెడితే కుదిరింది, కొత్తది సుమండీ.

ఇక అసలు సంగతి.

మామ్మ నలభై ఏడు నిమిషాలు మాట్లాడింది. నాకు కావాల్సింది పది. అప్పటికి నాకు ఫోన్‌లో ఎడిటింగ్ కొత్త. గొంతు మొత్తం కొండలూ గుట్టల్లా తెర మీద కనపడుతుంది, వేలితో ఎక్కడ కావాలంటే అక్కడ కొయ్యచ్చు, ముందుది వెనక్కి పెట్టచ్చు. మాట వెనక్కి తీసుకోలేం అంటారు గానీ, అక్కడ ఎదుటివాళ్ల మాట మన ఇష్టమొచ్చిన చోటికి తీసుకెళ్లచ్చు. పదమూడేళ్ల పిల్ల చేతికి అంత అధికారం ఎవరిస్తారండి?

మామ్మ చెప్పిందేంటంటే, అర్ధరాత్రి గోదారి లంకలోకి వచ్చేసింది. పిల్లల్ని చంకనేసుకుని ఏటిగట్టు ఎక్కారు. తెల్లారి చూస్తే ఇంటి మట్టిగోడ కూలిపోయింది. ఇది చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు. పదకొండు సెకన్లు, నేను లెక్కపెట్టాను. తర్వాత గేదె ఎలా ఈదుకుంటూ వచ్చిందో చెప్పింది, నవ్వింది. ఇంకో పావుగంట తర్వాత ఆ ఏడు పెట్టిన ఆవకాయ జాడీల గురించి చెప్తూ "అంతా పోయింది" అని నవ్వేసింది.

నేనేం చేశానంటే, ఆ పదకొండు సెకన్ల నిశ్శబ్దం తీసేశాను, బోరు కొడుతుందని. "గోడ కూలిపోయింది" అన్న మాట తర్వాత "అంతా పోయింది" తెచ్చి అతికించాను. నవ్వు కోసేశాను. కింద వయొలిన్ పెట్టాను. గేదె లేదు, ఆవకాయ లేదు. గట్టు మీద పొయ్యి గురించి ఆవిడ ఎనిమిది నిమిషాలు చెప్పింది, అదీ లేదు.

తరగతిలో వినిపిస్తే ఆడపిల్లలు ఏడ్చారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మండలంలో పోటీకి పంపితే బహుమతి కూడా వచ్చింది, స్టీలు టిఫిన్ బాక్సు. ఇంటికొచ్చి గొప్పగా మామ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టాను. ఆవిడ మొత్తం వింది. విని ఫోన్ నా చేతికిచ్చి, "నేనేడవలేదే. ఎందుకేడిపించావే?" అంది.

నాకేం అనాలో తెలీలేదు. "అంతా పోయింది అన్నావు కదా మామ్మా" అన్నాను.

"ఆవకాయ గురించే అన్నాను!"

అప్పుడు నేను చెప్పుకున్న సంజాయిషీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పది నిమిషాలే కదా మామ్మా, అన్నీ పట్టవు అన్నాను. ఆవిడ కాస్త ఆలోచించి, "అయితే గోడ సంగతి తీసెయ్. గోడలు అందరివీ కూలాయి. పొయ్యి ఉంచు" అంది. బడి ముఖం చూడని మనిషి. నేను ఆరు సాయంత్రాలు కూర్చుని తేల్చుకోలేనిది ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ పొయ్యి కథ ఇది. గట్టెక్కిన రెండో రోజుకి ఎవరి దగ్గరా ఎండు పుల్ల లేదు. కొబ్బరి మట్టలూ డొక్కలూ అన్నీ నానిపోయాయి. ఒక్క చోట మాత్రం, ఎవరో ముందుచూపున్న ఆయన బండి మీద కట్టి తెచ్చిన పుల్లలున్నాయి. దాంతో ఒకే ఒక్క పొయ్యి పెట్టారు. అంతకుముందు ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోవడమే ఎరగని పేటల వాళ్లు ఆ ఒక్క పొయ్యి మీద వండుకుని, ఒకే గుండిగలోంచి తిన్నారు. ఎవరు కలిపారో, ఎవరు వడ్డించారో ఎవరూ అడగలేదట. ఇంత చెప్పి మామ్మ చివర్లో ఏమందో చూడండి. "నీళ్లు తీశాక మళ్లీ ఎవరి పొయ్యి వాళ్లదే అనుకో." దీన్ని నేను పారేశానండి. వయొలిన్‌కి చోటు కావాలని.

మళ్లీ చేశాను. రెండోదానికి బహుమతి రాలేదు. ఎవరూ ఏడవలేదు కూడా. మొదటి బహుమతి వెనక్కివ్వచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. అంత గొప్పదాన్ని కాదు. మొన్నటిదాకా కాలేజీకి ఆ బాక్సులోనే అన్నం తీసుకెళ్లాను.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాం. ఎవరి మాట కోశామో వాళ్లకి ముందు వినిపిస్తాం, తర్వాతే బళ్లో వినిపిస్తాం. దీనివల్ల పని రెండింతలవుతుంది. ఒకావిడ అంతా విని, కోడలి గురించి అన్న రెండు ముక్కలు తీసేయమంది. నిజానికి వాటికే జనం నవ్వుతారు. తీసేశాం. ఒకాయన తన దగ్గు కూడా తీసేయమన్నాడు. అదీ తీసేశాం, కానీ ఊపిరి మధ్యలో తెగి మనిషి ఎక్కిళ్లు పెట్టినట్టు వచ్చింది. ఇది కనిపెట్టింది నేను కాదు, మా జట్టులో ఒక కుర్రాడు. తెలుగు డిక్టేషన్‌లో ఎప్పుడూ సున్నాలే. నోరు విప్పి మాట్లాడడు. కానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే, "ఇక్కడ ఊపిరి తెగింది. పీల్చే ముందు కొయ్యి, పీల్చాక కొయ్యకు" అనేవాడు. మాస్టార్లకి ఒక విన్నపమండి. గ్రూపులు కట్టేటప్పుడు చక్కగా మాట్లాడే పిల్లకే ప్రతిసారీ మైకు ఇస్తారు. ఆ పిల్ల నేనే కాబట్టి చెప్తున్నాను, నాకిచ్చినంతకాలం పని నాసిగానే వచ్చింది.

తప్పుడు సమాచారం సంగతి మీరెలాగూ అడుగుతారు. ఒక తాతగారు, "86లో కాటన్ దొర ఆనకట్ట తెగిపోయింది, అందుకే అంత నీరొచ్చింది" అని ఖాయంగా చెప్పారు. చూస్తే ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీ 1982కల్లా పూర్తయింది. అంటే 86 నాటికి ఉన్నది కొత్తదే, అది తెగలేదు. తాతగారి మాట తీసేద్దామా అని పెద్ద గొడవ మాలో. వెళ్లి మళ్లీ అడిగాం. "ఆ రాత్రి గట్టు మీద అలాగే కేకలేశారమ్మా. ఆనకట్ట తెగింది, పరుగెత్తండి అన్నారు. పరుగెత్తాం" అన్నారు. అప్పుడు ఆ మాట ఉంచేసి, కింద నా గొంతుతో సంవత్సరాలు చెప్పాను. ఆనకట్ట తెగకపోయినా ఆ కేక మాత్రం నిజమే కదా. జనం పరుగెత్తింది ఆ కేక విని.

వీడియో గురించి ఎక్కువ చెప్పను. ఒకటే చేశాం, ఇంటర్ మొదటి ఏడాదిలో, దింపు తీసే ఆయన మీద. కొబ్బరికాయలు నెలన్నరకో, రెండు నెలలకో ఒకసారి దింపాలి కదా, ఆ పని చేసేవాళ్లు దొరకడం లేదని రోజూ ఇంట్లో వింటూనే ఉంటాం. మా వాళ్లందరికీ డ్రోన్ కావాలి. కోనసీమ అనగానే పైనుంచి కొబ్బరాకులు, మధ్యలో కాలువ, పాట. నాకు ఆ షాటంటే మొహం మొత్తింది. ఆకుల పైనుంచి చూస్తే కింద ఎవరు ఉన్నారో ఒక్కరూ కనపడరు. డ్రోన్ దొరకలేదు కాబట్టి బతికిపోయాం.

ఆయన కాళ్లకి తాడేసుకుని చెట్టెక్కాడు. కింద నుంచి తీశాం. ఇంకోసారి ఎక్కమన్నాం, పక్క నుంచి తీయాలని. ఎక్కాడు. మొహం దగ్గరగా కావాలని మూడోసారి, వెలుతురు బాలేదని నాలుగోసారి అడిగాం. కిందికి దిగి చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "మాకు చెట్టుకింతని లెక్కండి పాపగారూ. ఒకే చెట్టు నాలుగుసార్లెక్కినా నాలుగు చెట్ల కూలవుద్దండి." మా నలుగురి జేబులూ వెతికితే రెండు చెట్ల కూలి దొరికింది. మిగతాది మర్నాడిచ్చాం. ఆ మాట వీడియోలో పెట్టాం. సినిమా తీసేవాళ్లం మేం కూడా ఆయనకి పని చెప్పేవాళ్లమేనని చూసేవాళ్లకి తెలియాలి కదా.

అన్నట్టు, రెండు ఫోన్లతో తీసేవాళ్లకి చిన్న కిటుకు. ఒకదాంట్లో బొమ్మ, ఒకదాంట్లో గొంతు తీస్తే మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన చోటా, గొంతు గీత పైకి లేచిన చోటా ఒకటి చేస్తే సరిపోతుంది. కానీ ఏ రెండు ఫోన్ల గడియారాలూ ఒక్కలా నడవవు. అరగంట దాటితే మాట ముందూ పెదవి వెనకా అవుతుంది. మధ్య మధ్యలో మళ్లీ కొట్టండి. మేం కొట్టలేదు. ఆ వీడియో చివర్లో ఆయన మాట్లాడుతుంటే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది.

టైమైపోతోందని మేడం గారు చూస్తున్నారు. మామ్మ పొయ్యి కథలో ఒక ముక్క వినిపించి దిగిపోతాను, నలభై సెకన్లే. మొదట గుయ్యిమని ఒకటే మోత వస్తుంది, అది రికార్డింగు తప్పు కాదు. మా ఇంటి వెనక చేలు రొయ్యల చెరువులైపోయాయి, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పెట్టి తీసేస్తే మామ్మ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టయింది, అందుకని ఉంచేశాం. తర్వాత ఆవిడ గోడ సంగతి చెప్తుంది, తీసెయ్ అంది గానీ ఆవిడకి వినిపించే ఉంచాం. చెప్పి ఆగుతుంది. ఫోన్ పాడైందనుకోకండి, ఆ పదకొండు సెకన్లూ ఈసారి తీయలేదు.

మాస్టారూ, ఆ ఫ్యాను ఒక్క నిమిషం ఆపిస్తారా?